అమెరికాలో ‘చెక్’ అంటే ఎన్ని అర్థాలో: కొత్తగా వచ్చిన తెలుగువారికి

అమెరికాలో దిగిన మొదటి నెలలో రోజూ చెవిన పడే మాటల్లో ‘చెక్’ ఒకటి. మనకు ఇంటి దగ్గర చెక్కు అంటే బ్యాంకు చెక్కు, లేదా ‘ఒకసారి చెక్ చేసి చూడు’ అనడం. ఇక్కడ రెస్టారెంట్ బిల్లునూ చెక్ అంటారు, ఫారంలో పెట్టే టిక్కునూ చెక్ అంటారు, ఉద్యోగం ఇచ్చే ముందు చేసే విచారణనూ చెక్ అంటారు. చాలా చోట్ల పొరపడినా ఏమీ కాదు, మళ్లీ అడిగితే చెబుతారు. రెండు మూడు చోట్ల మాత్రం ఆ పొరపాటు డబ్బుకో వీసాకో ఎసరు పెడుతుంది. వాటి గురించే కాస్త ఎక్కువ చెబుతాను.

చదువుకోవడానికి వచ్చినవారికి మొదటి చెక్ యూనివర్సిటీలోనే ఎదురవుతుంది. ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి ‘ఇమిగ్రేషన్ చెక్-ఇన్’ పూర్తి చేయమని మెయిల్ వస్తుంది. ఇల్లు వెతుక్కునే హడావుడిలో దాన్ని పక్కన పెట్టేయకండి. పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-94 (మీరు దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు), ఇక్కడి అడ్రస్ ఇస్తే, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్‌ఓ, ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థ అయిన సెవిస్‌లో మిమ్మల్ని రిజిస్టర్ చేస్తారు. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రంలో ఉన్న ప్రోగ్రామ్ ప్రారంభ తేదీ నుంచి 30 రోజుల్లోపు ఇది జరగాలి. క్లాసులకు వెళ్తున్నాం కదా అనుకుంటే సరిపోదు, అది వేరు, ఇది వేరు. ఐ-94 కూడా ఆ వారంలోనే ఆన్‌లైన్‌లో తీసి పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా రకం సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి. తప్పు ఉంటే అప్పుడే దిద్దించుకోవడం తేలిక.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది టిక్కు దగ్గర. ఇక్కడి ఫారాల్లో ‘చెక్ వన్’ అని ఉంటే ఒక గడిలో టిక్ పెట్టమని. డ్రైవింగ్ లైసెన్సుకో స్టేట్ ఐడీకో డీఎంవీకి, అంటే ఇక్కడి ఆర్టీఓ లాంటి ఆఫీసుకు, వెళ్లినప్పుడు, ఫారంలోనో కౌంటర్ దగ్గరి స్క్రీన్ మీదో ‘ఓటరుగా నమోదు చేసుకుంటారా?’ అనే ప్రశ్న వస్తుంది. 1993లో వచ్చిన ఓటరు నమోదు చట్టం వల్ల చాలా రాష్ట్రాల్లో లైసెన్సు దరఖాస్తుతో పాటే ఇదీ అడుగుతారు. అడిగేవాళ్లు మీ వీసా చూసి అడగరు, వరుసలో అందరినీ అడిగినట్టే అడుగుతారు. ఎఫ్-1 (విద్యార్థి), హెచ్-1బీ (ఉద్యోగం), హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబం) వీసాల వాళ్లయినా, చివరికి గ్రీన్ కార్డు ఉన్నవాళ్లయినా సరే, జవాబు ‘నో’ మాత్రమే. అమెరికా పౌరులా అన్న గడి దగ్గరా అంతే. పౌరులు కానివాళ్లు పౌరులమని టిక్ పెడితే ఇమిగ్రేషన్ చట్టంలో అది చాలా పెద్ద తప్పు, దేశం నుంచి పంపించేసేదాకా పోవచ్చు. తెలియక పెట్టానంటే అంత సులువుగా వదలరు. ఎన్నో ఏళ్ల తర్వాత సిటిజన్‌షిప్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఎప్పుడైనా పౌరులమని చెప్పుకున్నారా అని సూటిగా అడుగుతారు. కాబట్టి వెనక ఎంత పెద్ద క్యూ ఉన్నా, సంతకం పెట్టే ముందు స్క్రీన్ మీద ఉన్నదంతా చదవండి. ఒకవేళ ఇంటికి ఓటరు కార్డు వచ్చిందా, దాన్ని వాడకుండా వెంటనే ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

ఇలాంటిదే పని చేసే అర్హత ఉందో లేదో చూడటానికి ఉద్యోగంలో చేరే రోజు నింపే ఐ-9 ఫారం. అందులో నాలుగు గడులుంటాయి. మొదటిది పౌరులకు, మూడోది గ్రీన్ కార్డు వాళ్లకు. రెండో గడిలో ‘నేషనల్’ అనే మాట చూసి ‘నేను ఇండియన్ నేషనల్‌ని కదా’ అని టిక్ పెట్టే ప్రమాదం ఉంది. అది ముఖ్యంగా అమెరికా అధీనంలోని అమెరికన్ సమోవా దీవుల్లో పుట్టినవాళ్లకు ఉద్దేశించింది, మనకు కాదు. ఓపీటీ, సీపీటీ (విద్యార్థులకు ఇచ్చే పని అనుమతులు), హెచ్-1బీ మీద పనిచేసేవాళ్లకు నాలుగోది, అంటే పని చేయడానికి అనుమతి ఉన్న విదేశీయులది.

బ్యాంకులో ‘చెకింగ్ అకౌంట్’ తెరవమంటారు. జీతం పడేది, కార్డు గీకితే డబ్బు పోయేది ఈ ఖాతాలోంచే. దీనితో వచ్చే చెక్కు కాగితం మీద కింద ఎడమవైపు 9 అంకెల రూటింగ్ నంబరు, దాని పక్కన మీ ఖాతా నంబరు ఉంటాయి. తేదీలో నెల ముందు వస్తుంది, 8/5 అంటే ఆగస్టు 5. కొత్త ఉద్యోగంలో హెచ్‌ఆర్ ‘వాయిడ్ చెక్’ అడిగితే, ఖాళీ చెక్కు మీద పెద్ద అక్షరాలతో ‘వాయిడ్’ అని రాసి ఇవ్వాలి, సంతకం అక్కర్లేదు. జీతం ఏ ఖాతాలో వేయాలో వాళ్లకు తెలియడానికే అది. అపార్ట్‌మెంట్ వాళ్లు మొదటి అద్దె, డిపాజిట్ చాలాసార్లు మామూలు చెక్కుగా తీసుకోరు. ‘క్యాషియర్స్ చెక్’ గానీ మనీ ఆర్డరు గానీ అడుగుతారు. క్యాషియర్స్ చెక్ మన బ్యాంకు డీడీ లాంటిదే. పోస్టాఫీసు మనీ ఆర్డరు ఒక్కొక్కటి 1,000 డాలర్ల వరకే ఇస్తారు, అద్దె 1,400 అయితే రెండు తీసుకోవాలి.

చెక్కుల విషయంలో కొత్తవాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు మోసపోయే దారి ఒకటుంది. మీరు ఆన్‌లైన్‌లో పాత సోఫా 150 డాలర్లకు అమ్మకానికి పెట్టారనుకోండి. కొనేవాడు 1,150 డాలర్ల చెక్కు పంపి, ‘పొరపాటున ఎక్కువ రాశాను, మిగతా వెయ్యి నా సామాన్లు తరలించే వాడికి జెల్ (Zelle) అనే డబ్బు పంపే యాప్‌లో పంపండి’ అంటాడు. లేదా ఇంటి నుంచే రీసెర్చ్ అసిస్టెంట్ పని అంటూ మెయిల్ పెట్టి, ముందే చెక్కు పంపి గిఫ్ట్ కార్డులు కొనమంటాడు. ఆ చెక్కు ఖాతాలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో డబ్బు కనిపిస్తుంది. త్వరగా వాడుకోనివ్వాలని బ్యాంకులకు చట్టమే ఉంది. కానీ డబ్బు కనిపించినంత మాత్రాన చెక్కు చెల్లినట్టు కాదు. అది దొంగ చెక్కని తేలడానికి వారాలు పట్టొచ్చు, అప్పుడు బ్యాంకు ఆ 1,150 మీ ఖాతాలోంచే వెనక్కి తీసుకుంటుంది. మీరు పంపిన వెయ్యి ఎలాగూ రాదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు చెక్కు ఇచ్చి అందులో కొంత వెనక్కి పంపమన్నారంటే అది మోసమే. అక్కడితో మాటలు ఆపేయండి.

ఉద్యోగానికి ‘బ్యాక్‌గ్రౌండ్ చెక్’ అంటే కంగారు పడొద్దు. నేరాల రికార్డు, చదువు, పాత ఉద్యోగాలు నిజమేనా అని చూస్తారు. బయటి ఏజెన్సీతో చేయిస్తే ముందుగా మీ రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రెజ్యూమెలో లేని అనుభవం పెట్టమని కన్సల్టెన్సీవాళ్లు బలవంతం చేస్తే ఒప్పుకోకండి, బయటపడేది ఇక్కడే. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ‘క్రెడిట్ చెక్’ చేస్తారు, అంటే ఇదివరకు అప్పులు ఎలా కట్టారో చూస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడ అప్పుల చరిత్రే ఉండదు కాబట్టి ఐ-20, ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించి, కాస్త ఎక్కువ డిపాజిట్ కట్టొచ్చా అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. అప్పు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు జరిగే ‘హార్డ్’ చెక్ మీ రిపోర్టులో రెండేళ్లు కనిపిస్తుంది. అందుకే వచ్చీ రాగానే నాలుగైదు క్రెడిట్ కార్డులకు అప్లై చేయకండి.

రెస్టారెంట్‌లో ‘చెక్ ప్లీజ్’ అంటే బిల్లు తెమ్మని. ఇక్కడ బిల్లు అంటే నోటు అనే అర్థం కూడా ఉంది. తినడం అవుతుండగానే అడక్కుండా చెక్ తెచ్చి పెడితే వెళ్లిపొమ్మని కాదు, అది ఇక్కడి మర్యాదే. కార్డు తీసుకెళ్లి రెండు కాగితాలతో తిరిగొస్తారు. ఒకదాని మీద టిప్పు, మొత్తం రాసి సంతకం పెట్టాలి, రెండోది మీది. కూర్చుని తినే చోట 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం వాడుక. పెద్ద గుంపుగా వెళ్తే టిప్పు ముందే కలిపి ఉండొచ్చు, కాబట్టి ‘గ్రాట్యుటీ’ (ఇక్కడ టిప్పుకే ఇంకో పేరు) అన్న మాట ఉందేమో చూడండి. ఎవరి బిల్లు వాళ్లు కట్టుకోవాలంటే ఆర్డరు ఇచ్చేటప్పుడే ‘సెపరేట్ చెక్స్’ అని చెప్పండి.

ఆఫీసులో ‘జస్ట్ చెకింగ్ ఇన్’ అని మెయిల్ వస్తే ఆ పని ఎంతవరకు వచ్చిందని మెత్తగా అడుగుతున్నారని అర్థం. అదే రోజు రెండు ముక్కలు జవాబివ్వండి. డిన్నర్‌కు పిలిస్తే ‘రెయిన్ చెక్’ తీసుకుంటానన్నవాళ్లు ఇంకోసారి వస్తామంటున్నారు, కోపమేమీ లేదు. వర్షంతో బేస్‌బాల్ ఆట ఆగిపోతే మరో ఆటకు పనికొచ్చేలా ఇచ్చిన టికెట్టు నుంచి ఆ మాట పుట్టింది.

కారులో ‘చెక్ ఇంజిన్’ లైటు ఆగకుండా వెలుగుతుంటే ముందు పెట్రోలు ట్యాంకు మూత గట్టిగా బిగించి ఉందో లేదో చూడండి. తర్వాత కారు విడిభాగాల షాపుకు వెళ్తే చాలా చోట్ల కారు చూపించే లోపం కోడ్‌ను ఉచితంగా చదివి చెబుతారు. లైటు వెలిగి ఆరుతూ మిణుకుమంటే మాత్రం ముందుకు పోనివ్వకుండా సురక్షితమైన చోట ఆపి మెకానిక్‌ను పిలవండి. అలాగే నడిపితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, దాని ఖర్చు మామూలుగా ఉండదు.

చివరిది మీకన్నా ఇంటి దగ్గరివాళ్లకు ఎక్కువ అవసరం. మీరు రెండు రోజులు ఫోన్ ఎత్తకపోతే, రూమ్మేట్లూ దొరక్కపోతే, పోలీసులను ‘వెల్ఫేర్ చెక్’ అడగొచ్చు. ఒక ఆఫీసరు మీ ఇంటికొచ్చి తలుపు తట్టి, మీరు క్షేమంగా ఉన్నారో లేదో చూస్తారు. ఇండియా నుంచి ఇక్కడి అత్యవసర నంబరు 911 కొడితే ఇక్కడికి కలవదు. అమెరికాలో మీరుండే ఊరి పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరు పది అంకెలూ ముందు +1 పెట్టి, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా మీ అడ్రస్, ఒక రూమ్మేట్ నంబరు కలిపి అమ్మానాన్నలకు వాట్సాప్‌లో పంపించి ఉంచండి. ఇల్లు మారినప్పుడల్లా కొత్తది పంపండి.