ఇంగ్లీషు వాక్య నిర్మాణం – 9వ పాఠం: క్రియ ఏ కర్తను అనుసరించాలి?

గత పాఠంలో, వర్తమాన కాలంలో క్రియ చివర ‘ఎస్’ అక్షరం ఎప్పుడు చేరుతుందో తెలుసుకున్నాము. ఐ రైట్, యు రైట్, వుయ్ రైట్, దే రైట్ అని రాసి, హీ, షీ, ఇట్ అనే మూడింటికీ, వాటి స్థానంలో వచ్చే ఏకవచన నామవాచకాలన్నింటికీ రైట్స్ అని రాయాలన్నది ఆ సూత్రం. భూతకాలంలో ఈ బాధ కూడా లేదు; అందరికీ రోట్ ఒక్కటే. ఒక్క ‘బీ’ క్రియకు మాత్రమే భూతకాలంలోనూ వాజ్, వర్ అనే రెండు రూపాలు మిగిలాయి.

సూత్రం ఇంత చిన్నదైనా, పదిహేనేళ్లపాటు ఇంగ్లీషు చదివినవారు కూడా ‘మై ఫాదర్ హ్యావ్ ఎ షాప్’ అని రాస్తూ ఉంటారు. వారికి సూత్రం తెలియక కాదు, అడిగితే తడుముకోకుండా అప్పజెబుతారు. వాక్యంలో దేనిని కర్తగా తీసుకోవాలి, దానిని ఒకటిగా లెక్కించాలా, అనేకంగా లెక్కించాలా అనే చోట వారు తడబడుతున్నారు. వ్యాకరణ పుస్తకాలు ఇందుకోసం ఇరవై ముప్పై సూత్రాలు వల్లె వేయిస్తాయి గానీ, తెలుగు మాట్లాడేవారికి ఆ తడబాటు ఎక్కడ పుడుతుందో చెప్పవు. అది చెబితే సగం సూత్రాలు అక్కర్లేదని నా నమ్మకం.

ముందుగా ఒక మాట. కర్తకూ క్రియకూ పొందిక కుదర్చడం మనకు కొత్త విద్య కాదు. వస్తాను, వస్తాము, వస్తావు, వస్తారు, వస్తాడు, వస్తుంది, వస్తాయి అని ఒక్క క్రియకు మనం ఏడు రూపాలు వాడుతున్నాము. ఇంగ్లీషుకు ఉన్నవి కమ్, కమ్స్ అనే రెండే. పైగా మన భాషలో స్త్రీని చెప్పే మాట ఏకవచనంలో ‘అది’తో కలిసి ‘వస్తుంది’ అనే రూపాన్నీ, బహువచనంలో పురుషులతో కలిసి ‘వస్తారు’ అనే రూపాన్నీ తీసుకుంటుంది. ఇంత చిక్కైన లెక్కను మన ఇళ్లలో చిన్నపిల్లలు ఎవరూ నేర్పకుండానే పట్టుకుంటారు. ఇంగ్లీషుకు కూడా ఒకప్పుడు ఈ రెండింటికంటే ఎక్కువ రూపాలు ఉండేవి. 1611లో అచ్చయిన బైబిలు అనువాదంలో 23వ కీర్తన తెరిచి చూస్తే మేక్స్, లీడ్స్ అని కాక మేకెత్, లీడెత్ అని కనిపిస్తాయి. కాలక్రమంలో ఆ ప్రత్యయాలు అరిగిపోగా ఈ ఒక్క ‘ఎస్’ మిగిలింది.

కాబట్టి మనకు లోపించింది పొందిక తెలివిడి కాదు. తెలుగు లెక్కా ఇంగ్లీషు లెక్కా వేరుపడే చోట్లు కొన్ని ఉన్నాయి, మన తప్పులలో ఎక్కువ భాగం అక్కడే దొర్లుతాయి. వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ‘కి, కు’ల చోటు.

ఒకసారి ఒక విద్యార్థిని నోటు పుస్తకంలో ‘షీ హ్యావ్ టూ సన్స్’ అనే వాక్యం చూశాను. హ్యావ్ కింద ఎర్ర సిరాతో గీత గీసి, ఎందుకు అలా రాశావమ్మా అని అడిగితే, ‘కొడుకులు ఇద్దరు ఉన్నారు కదండీ’ అని జవాబిచ్చింది. ఆ జవాబు విన్నాక ఆ తప్పును నేను మరోలా చూడడం మొదలుపెట్టాను. ‘ఆమెకు ఇద్దరు కొడుకులు ఉన్నారు’ అనే తెలుగు వాక్యంలో క్రియ నిజంగానే కొడుకులను అనుసరిస్తోంది. బడిలో మనం వల్లె వేసిన విభక్తులను గుర్తుచేసుకోండి: డు, ము, వు, లు ప్రథమా విభక్తి, కి, కు, యొక్క, లో, లోపల షష్ఠీ విభక్తి. ‘కొడుకులు’ ప్రథమలో ఉంది కనుక ‘ఉన్నారు’ దానితో పొందింది. ‘ఆమెకు’ షష్ఠిలో ఉంది కనుక క్రియ దానిని పట్టించుకోలేదు. ఆ అమ్మాయి తెలుగు వ్యాకరణాన్ని ఏ లోపమూ లేకుండా ఇంగ్లీషులోకి తీసుకువెళ్లింది. అయితే ఇంగ్లీషులో హ్యావ్ అనే క్రియకు కర్త, ఆ వస్తువు గానీ ఆ బంధువు గానీ ఎవరికి ఉన్నారో ఆ మనిషి. ఆమె ఒక్కతే కనుక షీ హ్యాజ్ టూ సన్స్ అనాలి. పదిమంది కొడుకులున్నా హ్యాజ్ మారదు.

ఇక్కడ మీరు అలవరచుకోవలసిన పద్ధతి ఒకటే. తెలుగు వాక్యంలో ‘కి, కు’ తగిలిన మాటను పట్టుకుని, ఆ ప్రత్యయం తీసివేసి, ఇంగ్లీషు వాక్యం మొదట నిలబెట్టండి. ఆ తరువాత ఆ మాటనే లెక్కపెట్టండి, వెనుక వచ్చేవాటిని లెక్కపెట్టకండి. ‘మా బడికి రెండు గేట్లు ఉన్నాయి’ అన్నప్పుడు బడి ఒకటి, కనుక అవర్ స్కూల్ హ్యాజ్ టూ గేట్స్. ‘వాళ్లకు ఒక ఇల్లు ఉంది’ అన్నప్పుడు వాళ్లు అనేకులు, కనుక దే హ్యావ్ ఎ హౌస్. తెలుసు, కావాలి, ఇష్టం అనే మాటలు ఇంకా జాగ్రత్త కోరతాయి, ఎందుకంటే తెలుగులో అవి ఎవరి విషయంలోనూ రూపం మార్చుకోవు. నాకు తెలుసు, ఆయనకు తెలుసు, వాళ్లకు తెలుసు అని ఒకే మాటతో సరిపెట్టుకునే అలవాటు వల్ల ‘హీ నో ది ఆన్సర్’ అని నోట వచ్చేస్తుంది. హీ నోస్, షీ నీడ్స్, మై మదర్ లైక్స్ అని బిగ్గరగా పలుకుతూ అభ్యాసం చేయండి.

‘కు’ లేకుండా ‘లో’ వచ్చినప్పుడు మాత్రం పద్ధతి మారుతుంది. ‘ఈ గదికి మూడు కిటికీలు ఉన్నాయి’ అంటే దిస్ రూమ్ హ్యాజ్ త్రీ విండోస్ అయితే, ‘ఈ గదిలో మూడు కిటికీలు ఉన్నాయి’ అంటే దేర్ ఆర్ త్రీ విండోస్ ఇన్ దిస్ రూమ్. దేర్ అనేది చోటు పట్టే మాట మాత్రమే. క్రియ కిటికీలనే అనుసరించింది, అచ్చం తెలుగులో లాగానే.

వ్యతిరేక వాక్యాలలో కూడా ఇటువంటి ఇబ్బందే ఉంది. నేను రాలేదు, అతడు రాలేదు, వాళ్లు రాలేదు అని తెలుగు భూతకాలంలో అందరికీ ఒకే రూపం. ఇంగ్లీషులోనూ అందరికీ డిడ్ నాట్ కమ్, కనుక అక్కడ ఎవరూ తప్పు చేయరు. ‘తెలియదు’ దగ్గరకు వచ్చేసరికి ‘హీ డోంట్ నో’ అనే తప్పు దొర్లుతుంది. హీ డజ్ నాట్ నో అనాలి. అలా దిద్దితే కొందరు ‘హీ డజ్ నాట్ నోస్’ అని రెండు చోట్లా ‘ఎస్’ పెడతారు. ఇటువంటి వాక్యంలో క్రియకు ఒకే ఒక్క ‘ఎస్’ దక్కుతుంది. డూ ముందుకు వచ్చి దానిని డజ్ రూపంలో తీసేసుకుంటే, అసలు క్రియ దానిని వదులుకోవాలి.

గౌరవం సంగతి చూద్దాము. ‘నాన్నగారు వచ్చారు’ అనే మనకు, తండ్రిని గురించి హ్యాజ్ అని రాయడం మనసులో ఎక్కడో అమర్యాదగా తోస్తుంది. ఇంగ్లీషు క్రియలో మర్యాదకు చోటు లేదు. దేశాధ్యక్షుడికైనా తోటమాలికైనా ఒకే హ్యాజ్. మై ఫాదర్ హ్యాజ్ కమ్ అని నిస్సంకోచంగా రాయండి.

తెలుగులో బహువచనంగా నడిచి ఇంగ్లీషులో ఏకవచనమయ్యేవి మరికొన్ని ఉన్నాయి. పాలు కాగాయి, నీళ్లు చల్లగా ఉన్నాయి అంటాము గానీ, మిల్క్, వాటర్ అనేవాటికి ఈజ్ వాడాలి. వార్తలు బహువచనం, న్యూస్ చివర ‘ఎస్’ ఉన్నా అది ఏకవచనమే. అందరూ వచ్చారు అంటాము. ఎవ్రీబడీ హ్యాజ్ కమ్ అనాలి. ఐదు వందల రూపాయలు సరిపోతాయి అంటాము; మొత్తాన్ని ఒకటిగా చూసి ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఈజ్ ఇనఫ్ అంటారు. ఇందుకు ఎదురు నడిచేవీ ఉన్నాయి: మన కత్తెర ఒకటే, వారి సిజర్స్‌కు ఆర్, మన ప్యాంటు ఒకటే, వారి ట్రౌజర్స్‌కు ఆర్. వీటికి కిటుకు లేదు, గుర్తుపెట్టుకోవలసిందే.

ఇక పోటీ పరీక్షలలో తప్పు పట్టమని ఇచ్చే వాక్యాలలో తరచూ కనిపించే సందర్భం చూద్దాము. ‘తీరం దగ్గరి పల్లెల్లోని రోడ్ల నాణ్యత మెరుగుపడింది’ అనే వాక్యంలో అసలు కర్త ‘నాణ్యత’. దానిని వివరించే మాటలన్నీ ముందే వచ్చేశాయి కనుక, కర్త సరిగ్గా క్రియ పక్కనే కూర్చుంది. తెలుగులో ఇక్కడ పొరబడడానికి ఆస్కారమే లేదు. ఇదే ఇంగ్లీషులో: ది క్వాలిటీ ఆఫ్ ది రోడ్స్ ఇన్ ది విలేజెస్ నియర్ ది కోస్ట్ హ్యాజ్ ఇంప్రూవ్డ్. మాటల వరుస అద్దంలో చూసినట్టు తిరగబడింది. కర్త అయిన క్వాలిటీ వాక్యం మొదట్లోనే ఉండిపోగా, క్రియకు దగ్గరగా రోడ్స్, విలేజెస్ అనే బహువచనాలు వచ్చి చేరాయి. కర్తను క్రియ పక్కనే చూసుకునే అలవాటున్న మన కన్ను వాటిని చూసి హ్యావ్ అని రాయిస్తుంది.

పెన్సిలు తీసుకుని, ఆఫ్, ఇన్, నియర్, విత్ వంటి మాట మొదలైన చోటినుంచి క్రియ వరకూ గీత కొట్టండి. పై వాక్యంలో ది క్వాలిటీ హ్యాజ్ ఇంప్రూవ్డ్ మిగులుతుంది. వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ ఇన్ గుంటూరు అనే వాక్యంలో వన్ లివ్స్ మిగులుతుంది. అయితే ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ దగ్గర ఈ గీత పనిచేయదు, దానికి ఆర్ రావాలి. అక్కడ తెలుగు అర్థమే దారి చూపుతుంది: ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ అంటే ‘చాలామంది విద్యార్థులు’, కర్త విద్యార్థులు, ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ అంటే ‘విద్యార్థుల సంఖ్య’, కర్త సంఖ్య, కనుక ఈజ్.

అభ్యాసం. ఈ వాక్యాలను ఇంగ్లీషులో రాసి, ప్రతి వాక్యంలోనూ కర్త కింద గీత గీయండి: 1. మా అక్కకు ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. 2. ఈ ఊరిలో రెండు చెరువులు ఉన్నాయి. 3. తాతగారికి ఇంగ్లీషు తెలియదు. 4. మామిడిపళ్ల బుట్ట బరువుగా ఉంది. 5. పాలు వేడిగా ఉన్నాయి. 6. కత్తెర ఎక్కడ ఉంది? 7. మా పొరుగువారిలో ఒకరు బ్యాంకులో పనిచేస్తారు.

ఏడవ వాక్యంలో తెలుగు ‘పనిచేస్తారు’ అన్న గౌరవ రూపం, దూరంగా ఉన్న కర్త రెండూ ఒకేసారి ఎదురవుతాయి; దానిని చివరికి ఉంచుకుని నిదానంగా రాయండి. పదో పాఠం ఈ జవాబులతో మొదలై, ‘తోపాటు’, ‘లేదా’ అనే మాటలతో ఇద్దరు కర్తలు కలిసినప్పుడు క్రియ ఎవరి పక్షం వహిస్తుందన్న విషయానికి వెళుతుంది.