బాక్లోఫెన్ పంపు మళ్లీ నింపే ముందు జాగ్రత్తలు

కండరాల బిగుతుకు వెన్నులోకి మందు పంపే ఈ పంపులో ప్రమాదాలు అరుదు. వచ్చాయంటే మాత్రం ప్రాణం మీదికి వస్తాయి.

• మందు గాఢతను ఇద్దరు విడివిడిగా చదవాలి. మిల్లీలీటరుకు 500, 1000, 2000 మైక్రోగ్రాముల రకాలున్నాయి. 500కు బదులు 2000 పడితే మోతాదు నాలుగింతలు. గాఢత మారిస్తే ట్యూబులో మిగిలిన పాత మందును లెక్కలోకి తీసుకుని ప్రోగ్రామ్ సరిచేయాలి.

• పాత మందు ఎంత బయటికొచ్చిందో కొలిచి, పంపు చూపే లెక్కతో పోల్చండి. తేడా ఎక్కువుంటే పంపులోనో కాథెటర్‌లోనో (పంపు నుంచి వెన్నులోకి మందు తీసుకెళ్లే ట్యూబు) లోపం ఉండొచ్చు.

• సూది గుచ్చేచోట ఎరుపు, చీము ఉంటే ఆగండి. మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరలకు వచ్చే ఇన్ఫెక్షన్) భయం ఉంది.

• నింపే పోర్టు (సూది గుచ్చే ద్వారం) వేరు, కాథెటర్ పోర్టు వేరు. రెండోదాంట్లో మందెక్కిస్తే అది నేరుగా వెన్నుద్రవంలోకి పోతుంది. అన్నిటికన్నా భయపడాల్సిన తప్పు ఇదే.

• ఎక్కిస్తుండగా చర్మం కింద ఉబ్బినా, మంట పుట్టినా వెంటనే ఆపాలి. మందు పంపులోకి కాక చర్మం కింద పడితే మొదట మత్తు, కండరాల సడలింపు, శ్వాస మందగించడం. పంపు ఖాళీగా ఉండిపోతే తర్వాత మందు అందని లక్షణాలు. అందుకే ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో గమనించాలి.

• దురద, జ్వరం, మునుపటికన్నా బిగుతు, అయోమయం: మందు ఆగిపోయిందేమో చూడండి. ఇన్ఫెక్షన్ అనుకుని జాప్యం చేస్తే కండరాలు దెబ్బతిని కిడ్నీలకూ ముప్పు. నోటి మాత్రలొక్కటే చాలవు.

• ఎంఆర్ఐ తర్వాత పంపు మళ్లీ నడుస్తోందో లేదో పరీక్షించాలి.

• తర్వాతి నింపే తేదీ, పంపులో మందు తగ్గిందని అలారం మోగే తేదీకి ముందే ఉండాలి.