టైమింగ్ బెల్ట్ ఇంట్లోనే మారుస్తున్నారా? విప్పే ముందు, స్టార్ట్ చేసే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

బ్రేకులు అరిగితే చప్పుడు చేస్తాయి. బ్యాటరీ బలహీనపడితే బండి స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది. ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ తిరిగితే దానితో పాటు క్యామ్ షాఫ్ట్‌నూ తిప్పే టైమింగ్ బెల్ట్ మాత్రం చాలాసార్లు ఏ సూచనా ఇవ్వకుండానే తెగిపోతుంది. తెగిన క్షణంలో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఆగిపోతుంది, పిస్టన్లకు కలిసి ఉండే క్రాంక్ షాఫ్ట్ మాత్రం ఆ వేగానికి ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇంటర్‌ఫియరెన్స్ రకం ఇంజిన్ అయితే, తెరుచుకుని ఉండిపోయిన వాల్వులను పైకొచ్చే పిస్టన్లు గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి సిలిండర్ హెడ్ కూడా పాడవుతుంది. డీజిల్ ఇంజిన్లు దాదాపుగా అన్నీ ఈ రకమే, పెట్రోల్ ఇంజిన్లలోనూ చాలా ఉన్నాయి.

అందుకే బెల్టును గడువులోపు మార్చాలి. అయితే బెల్ట్ తెగితే ఏ నష్టం జరుగుతుందో, కొత్త బెల్టును తప్పుగా వేసి స్టార్ట్ చేసినా అదే నష్టం జరుగుతుంది. ఈ పనిలో చేతిబలం కన్నా ఓపిక ముఖ్యం. గంటలు లెక్కపెట్టుకుంటూ, తెల్లారితే బండి కావాలన్న తొందరలో మొదలుపెట్టకండి. మధ్యలో అనుమానం వస్తే ఒక రోజంతా ఆపగలిగే వీలు ఉన్నప్పుడే బోల్టు విప్పండి.

పొరపాటు ఎంత చిన్నదైనా ఎందుకు ప్రమాదమో లెక్క చూస్తే తెలుస్తుంది. క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. నిమిషానికి 3000 చుట్ల వేగంలో ప్రతి వాల్వూ సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. క్రాంక్ దగ్గరున్న పళ్ల చక్రానికి 20 పళ్లుంటే, బెల్ట్ ఒక్క పన్ను పక్కకు కూర్చున్నా 18 డిగ్రీల తేడా వస్తుంది. ఆ తేడాతో కొన్ని ఇంజిన్లు వణుకుతూ నడుస్తాయి, కొన్నిటిలో వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. మీ ఇంజిన్ ఏ కోవలోదో స్టార్ట్ చేసి తెలుసుకోవాల్సిన పని కాదిది.

మీ ఇంజిన్ సంగతి ముందు తెలుసుకోండి

మొదటగా, మీ బండిలో ఉన్నది బెల్టేనా, లేక చైన్ రకమా? ఒకే మోడల్‌లో ఒక ఇంజిన్‌కు బెల్ట్, మరో ఇంజిన్‌కు చైన్ ఉండొచ్చు. బండి పేరు చూసి కాదు, ఇంజిన్ కోడ్ చూసి నిర్ధారించుకోండి. కొన్ని ఇంజిన్లలో బెల్ట్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. దానికి వేసే ఆయిల్ రకం కూడా తయారీదారు చెప్పినదే అయి ఉండాలి. అలాంటి బెల్టును మార్చడం చాలా పెద్ద పని, ఇంట్లో పెట్టుకోవద్దనే నా సలహా.

రెండోది సర్వీస్ మాన్యువల్. మీ ఇంజిన్‌కు సంబంధించిన మాన్యువల్ చేతిలో లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. టైమింగ్ గుర్తులు ఎక్కడుంటాయి, బోల్టులను ఎంత టార్క్‌తో బిగించాలి, బెల్టును బిగుతుగా ఉంచే టెన్షనర్‌ను ఏ వరసలో సర్దాలి అన్నవి ఇంజిన్‌ను బట్టి మారతాయి. వేరే బండికి చేసిన వీడియో చూసి వాటిని ఊహించుకోకండి.

మూడోది చాలామంది గమనించరు. కొన్ని ఇంజిన్లలో పళ్ల చక్రం షాఫ్ట్ మీద కీ (చక్రం జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క) లేకుండా, కేవలం బోల్టు బిగింపుతోనే నిలబడి ఉంటుంది. ఆ బోల్టు వదులైతే టైమింగ్ మొత్తం పోతుంది, మళ్లీ కుదర్చాలంటే ఆ ఇంజిన్ కోసం చేసిన లాకింగ్ పనిముట్లు తప్పనిసరి. అవి దగ్గర లేకపోతే అనుభవం ఉన్న మెకానిక్‌కు అప్పగించండి.

పరీక్ష: కళ్లకు కనిపించేది, కనిపించనిది

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, పై కవర్ తీయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ బోల్టుకు స్పానర్ వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే కొద్దికొద్దిగా తిప్పుతూ బెల్ట్ పొడవంతా టార్చి వెలుగులో చూడండి. పళ్ల మొదళ్లలో పగుళ్లు, ఊడిన పన్ను, నూలు పోగుల్లా లేచిన అంచు, అద్దంలా మెరిసే వీపు, ఆయిల్ లేదా కూలెంట్ తడి... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గడువుతో పని లేదు, మార్చేయాల్సిందే. అంచు ఒకవైపే అరిగిందంటే పుల్లీ గానీ టెన్షనర్ గానీ వంకరగా నడుస్తోందని అర్థం. ఆయిల్ తడి ఉంటే కారుతున్న సీల్‌ను ముందు బాగుచేయాలి, లేకపోతే కొత్త బెల్ట్ కూడా అలాగే నాని పాడవుతుంది. స్ప్రే కొట్టి పాత బెల్టును శుభ్రం చేసి మళ్లీ వాడటం మాత్రం వద్దు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. పైకి చూస్తే బెల్ట్ బాగాలేదని తెలుసుకోవచ్చు గానీ, బాగుందని తేల్చలేం. బలమంతా రబ్బరు లోపలున్న గ్లాస్ ఫైబర్ తాళ్లది. అవి అలసిపోయినా పైన గీత కూడా పడకపోవచ్చు. ఇప్పటి బెల్టుల రబ్బరు మన్నికైనది కాబట్టి చివరి రోజు దాకా కొత్తదానిలాగే కనిపించొచ్చు. కాబట్టి నల్లగా, నున్నగా ఉంది కదా అని గడువు పొడిగించకండి. తయారీదారులు చాలావరకు కిలోమీటర్లనూ సంవత్సరాలనూ రెండింటినీ చెబుతారు, ఏది ముందు వస్తే అదే గడువు. తక్కువ తిరిగిన బండికి కూడా వయసు లెక్క వర్తిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి బెల్ట్ మార్చిన ఆధారం లేకపోతే మార్చలేదనే అనుకోండి.

ప్రాణానికి, చేతులకు సంబంధించిన జాగ్రత్తలు

బండిని జాక్ మీద నిలబెట్టి కిందికి దూరకండి. జాక్ లేపడానికే, మోయడానికి జాక్ స్టాండ్లు ఉండాలి. నేల గట్టిగా, సమంగా ఉండాలి. నేలమీదున్న చక్రాలకు అడ్డు పెట్టాలి. చాలా బండ్లలో బెల్ట్ తీయాలంటే ఒక ఇంజిన్ మౌంట్ విప్పక తప్పదు. అప్పుడు ఇంజిన్ బరువును కింద నుంచి ఇంకో జాక్‌తో ఆపాలి. ఆయిల్ పాన్‌కు నేరుగా జాక్ ఆనిస్తే సొట్ట పడుతుంది, మధ్యలో వెడల్పాటి చెక్క పెట్టండి.

తాళం తీసేసినా కొన్ని బండ్లలో రేడియేటర్ ఫ్యాన్ తిరగొచ్చు. బ్యాటరీ విప్పమనడానికి అదొక ముఖ్యమైన కారణం. కూలెంట్ మూత వేడి మీద తెరవద్దు. కారిన కూలెంట్‌ను వెంటనే తుడిచి, మూత ఉన్న డబ్బాలో పోయండి. అందులోని ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే ప్రాణాలు పోతాయి. పిల్లలు తిరిగే చోటైతే ఇంకా జాగ్రత్త.

క్రాంక్ పుల్లీ బోల్టు ఒక పట్టాన రాదు. దాన్ని విప్పడానికి పొడవాటి రాడ్‌ను నేలకో ఛాసిస్‌కో ఆనించి స్టార్టర్ కొట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. దయచేసి చేయకండి. రాడ్ జారితే మనిషికి తగులుతుంది. బోల్టు ఊడదీసేటప్పుడు పుల్లీని పట్టి ఉంచే సరైన పనిముట్టు వాడండి. టైమింగ్ లాకింగ్ పిన్నుల మీద ఆ బలం పెట్టకూడదు. అవి షాఫ్ట్‌ను సరైన స్థానంలో ఉంచడానికే తప్ప, అంత బలాన్ని కాయడానికి కాదు.

బెల్ట్ తీసే ముందు, వేసేటప్పుడు

మొదటి సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైకొనకు తెచ్చి, క్రాంక్ గుర్తు, క్యామ్ గుర్తు రెండూ సరిపోయాయో చూడండి. క్రాంక్ గుర్తు ఒక్కటే చూస్తే చాలదు. అది ప్రతి చుట్టుకూ కలుస్తుంది, క్యామ్ ఎదురు దిక్కున ఉన్నా కలుస్తుంది. తిప్పుతూ గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పకండి, ముందుకే ఇంకో రెండు చుట్లు తిప్పి మళ్లీ ఆపండి. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఫ్యాక్టరీ గుర్తులు మసకబారి ఉంటే వాటి మీద పెయింట్ చుక్క పెట్టండి.

బెల్ట్ ఊడాక క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ ఊరికే తిప్పి చూడకూడదు. వాల్వ్ స్ప్రింగుల ఒత్తిడికి కొన్ని ఇంజిన్లలో క్యామ్ తనంతట తానే ఎగిరి పక్కకు తిరుగుతుంది, వేళ్లు దగ్గర పెట్టకండి. బెల్టుతో పాటు టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్లు, బెల్టుతో తిరిగే వాటర్ పంప్ అయితే అది కూడా కొత్తవి వేయండి. వాటి బేరింగులకు బెల్టుతో సమానంగా వయసు వచ్చింది. ఆర్నెల్లకు పంప్ బిగుసుకుపోతే కొత్త బెల్టు కూడా పోతుంది. ఒకసారి బిగిస్తే సాగే రకం బోల్టులను మాన్యువల్ మార్చమంటే పాతవి మళ్లీ వాడకండి.

కొత్త బెల్టును మడవడం, మెలితిప్పడం, లోపలి వైపు బయటికి తిప్పడం చేయొద్దు, తాళ్లు లోపల విరుగుతాయి. స్క్రూడ్రైవర్‌తో తన్ని ఎక్కించకండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వెడల్పు, పళ్ల ఆకారం, పళ్ల సంఖ్య సరిపోయాయో చూశాకే వేయండి. బాణం గుర్తు ఉంటే తిరిగే దిశకు ఉండాలి. క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు బిగుతుగా లాగుతూ రండి, వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. హైడ్రాలిక్ టెన్షనర్‌ను నొక్కాల్సి వస్తే వైస్‌లో నిలువుగా పెట్టి నెమ్మదిగా నొక్కండి. నొక్కిన టెన్షనర్‌ను పట్టి ఉంచే పిన్ను మాత్రం బెల్ట్ కుదిరాకే లాగాలి.

స్టార్ట్ చేసే ముందు చేతితో తిప్పాల్సిందే

మొత్తం పనిలో ఒక్క జాగ్రత్తే పాటించగలనంటే ఇది పాటించండి. పెట్రోల్ ఇంజిన్ అయితే స్పార్క్ ప్లగ్గులు తీసేసి, క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే అక్కడే ఆపేయండి. బలం పెట్టి దాటించారా, వంగేది వాల్వే. అడ్డు లేకుండా రెండు చుట్లు తిరిగాక చక్రాల గుర్తులన్నీ మళ్లీ వాటి చోట నిలబడాలి. కొత్త బెల్ట్ మీద ముందే గీసి వచ్చిన గీతలు మాత్రం ఇప్పుడు గుర్తులతో కలవకపోవచ్చు. అది సహజం, కంగారు పడకండి. బెల్ట్ పళ్లు, చక్రం పళ్లు ఒకే సంఖ్యలో ఉండవు కాబట్టి గీతలు జరుగుతాయి. చూడాల్సింది చక్రాల గుర్తులనే. అవి ఒక్క పన్ను తేడాతో ఉన్నా బెల్ట్ తీసి మళ్లీ వేయండి. తర్వాత టెన్షనర్ ముల్లు మాన్యువల్ చెప్పిన చోట ఉందో చూసుకోండి.

కవర్లు, ఇంజిన్ మౌంట్ తిరిగి బిగించి, కూలెంట్ పోసి, గాలి బుడగలు తీశాక స్టార్ట్ చేయండి. మొదటి సెకన్లలో చెవి పెట్టండి. సన్నగా ఈల వేసినట్టుంటే బెల్ట్ మరీ బిగిసింది, కవర్‌కు కొట్టుకుంటున్న చప్పుడైతే వదులైంది. ఇంజిన్ వణికినా, టకటకమన్నా వెంటనే ఆపేయండి. సర్దుకుంటుందేమోనని ఎక్సిలేటర్ తొక్కకండి. అంతా బాగుంటే ఇంజిన్ వేడెక్కేదాకా నడవనిచ్చి, చల్లారాక కూలెంట్ మట్టం మళ్లీ చూడండి. బెల్ట్ మార్చిన తేదీ, మీటర్ మీది కిలోమీటర్లు రాసి, ఆ స్టిక్కర్‌ను బానెట్ కింద అతికించండి.