‘చెబితే చేస్తాను కదా’ అనే మాటతో మొదలుపెట్టి: ఉద్యోగం చేసే తల్లులకు ఇంటి బాధ్యతలు పంచుకునే మార్గం

ఉద్యోగం చేసే తల్లికి సమయం చాలదన్న సంగతిని ఎవరూ కాదనరు. అందుకే ఆమెకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం సమయం చుట్టూనే తిరుగుతుంటాయి. ఇంకొంచెం పెందలాడే లేవమంటారు, రేపటి పనులు ఈ రాత్రే సర్దిపెట్టుకోమంటారు, గోడకు పట్టిక తగిలించుకోమంటారు. ఇవి పనికిరావని అనను గానీ, ఇవన్నీ పాటించాక కూడా అలసట తీరడం లేదంటే అసలు కారణం మరోచోట ఉందన్నమాట. చేతులతో చేసే పని ఒకటి. ఆ పని ఎప్పుడు చేయాలో, ఎవరితో చేయించాలో, ఇంట్లో ఏది నిండుకోబోతోందో అనుక్షణం మనసులో మోయడం మరొకటి. మొదటిది కంటికి కనిపిస్తుంది కాబట్టి అంతో ఇంతో పంచుకుంటారు. రెండవది కనిపించదు కాబట్టి దాదాపు మొత్తంగా తల్లి దగ్గరే ఉండిపోతుంది.

కనిపించే పని కూడా సమానంగా ఏమీ లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో 64 దేశాల సమాచారం ఆధారంగా వెలువరించిన నివేదిక ప్రకారం, జీతం లేని సంరక్షణ పనిలో 76.2 శాతం స్త్రీలే చేస్తున్నారు. రోజుకు సగటున స్త్రీలు 4 గంటల 25 నిమిషాలు, పురుషులు 1 గంట 23 నిమిషాలు ఈ పనికి వెచ్చిస్తున్నారు. గుర్తుపెట్టుకునే శ్రమ ఇలాంటి లెక్కలకు అందడం కష్టం, ఎందుకంటే అది ఆఫీసులో సమావేశం జరుగుతుండగానో, ప్రయాణంలోనో, నిద్ర పట్టని రాత్రిలోనో మరో పని వెనుక దాక్కొని సాగుతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ శ్రమకే ఇస్తున్నాను.

ఒక వారం రాసి చూడండి

ముందుగా ఒక వారం పాటు మీరు మోస్తున్నదంతా కాగితం మీదికి తీసుకురావాలి. చేసిన పనులను మాత్రమే రాస్తే ప్రయోజనం లేదు. ప్రతి పనికీ మూడు దశలుంటాయి: అవసరాన్ని గమనించడం, ఏం చేయాలో నిర్ణయించడం, చేయడం. పిల్లవాడికి టీకా వేయించడాన్నే తీసుకోండి. పైకి చూస్తే అది గంటసేపటి పని. కానీ తేదీ దగ్గర పడుతోందని గమనించడం, వైద్యుడి సమయం అడిగి ఖరారు చేసుకోవడం, ఆ రోజు ఎవరికి సెలవు దొరుకుతుందో చూడడం, టీకా కార్డు ఎక్కడుందో వెతకడం, జ్వరం వస్తే ఇవ్వాల్సిన మందు ఇంట్లో ఉందో లేదో చూసుకోవడం, మరుసటి టీకా తేదీని ఎక్కడో రాసుకోవడం, ఇవన్నీ కలిస్తేనే అది పూర్తి పని. బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి తీసుకెళ్లిన తండ్రి తన వంతు చేశాననుకుంటాడు, అందులో అబద్ధమూ లేదు. కాకపోతే మిగిలిన ఆరు ముక్కలూ ఎవరు చేశారన్న ప్రశ్న అతనికి తట్టదు.

వారం చివర ఆ కాగితాన్ని ఇద్దరూ కలిసి చదవాలి. దెబ్బలాటకు సాక్ష్యంగా దాన్ని ముందు పెట్టకండి. అలసిపోయి ఉన్న రాత్రి, పిల్లలు మెలకువగా ఉన్న సమయం అసలే వద్దు. చాలామంది భర్తలకు పని చేయడానికి అయిష్టత ఉండదు, పని ఎంతుందో తెలియకపోవడమే సమస్య. అయిష్టత ఉన్నవాళ్లూ ఉంటారు, అక్కడ కాగితంతో పని జరగదు. అయినా ఆ విషయం తేలిపోవడం కూడా మంచిదే.

సాయం అడగవద్దు, పని మొత్తంగా అప్పగించండి

‘నువ్వు చెబితే చేస్తాను కదా’ అన్న మాటలో సద్భావం ఉంది, కానీ గమనించడం, నిర్ణయించడం అనే మొదటి రెండు దశలను మళ్లీ తల్లి చేతిలోనే పెట్టే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. అలా చెప్పి చేయించుకోవడం కూడా ఒక ఉద్యోగమే. అందుకని పనిని ముక్కలుగా కాకుండా మొదటి నుంచి చివరి దాకా ఒకరికే అప్పగించాలి. దుస్తుల బాధ్యత భర్తది అయితే, ఉతకడం, ఆరేయడం, మడతపెట్టడంతో అది పూర్తి కాదు. బిడ్డకు చొక్కాలు పొట్టి అవుతున్నాయని గమనించి కొత్తవి తేవడం కూడా అతని పనే. బడికి సంబంధించిన సమాచారమంతా ఒకరు చూసుకుంటుంటే, బడిలో నమోదు చేసిన ఫోన్ నంబరు కూడా వారిదే అయి ఉండాలి. ఈ చిన్న మార్పును చాలా కుటుంబాలు మరిచిపోతాయి. పని తండ్రికి అప్పగించాక కూడా బడి నుంచి ఫోన్ తల్లికే వస్తూ ఉంటుంది.

అప్పగించే ముందు ‘అయిపోయింది’ అంటే ఏమిటో ఇద్దరూ ఒక మాట అనుకోవాలి. వంటగది శుభ్రం చేయడమంటే గిన్నెలు తోమడం వరకేనా, గట్టు తుడవడం, చెత్త బయట పెట్టడం కూడా అందులో చేరతాయా? ఈ కనీస ప్రమాణం ఇద్దరికీ సమ్మతమైనదిగా ఉండాలి తప్ప ఒకరి అలవాటు రెండవవారికి చట్టం కాకూడదు.

ఆ తరువాతి మెట్టు తల్లులకే కష్టం. అప్పగించిన పనిలో వేలు పెట్టకూడదు. చొక్కాకూ లాగుకూ రంగు కుదరలేదనో, సంచి వేరే విధంగా సర్దారనో సరిదిద్దడం మొదలుపెడితే రెండు వారాల్లో ఆ పని తిరిగి మీ ఒళ్లోకే వస్తుంది. నేను ఈ తప్పు ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. బిడ్డ భద్రతకు, ఆరోగ్యానికి సంబంధించిన పొరపాటైతే వెంటనే చెప్పాలి. మిగిలినవన్నీ చేసేవారు తమంతట తామే నేర్చుకోవాలి. మూడు నెలలకొకసారి కొన్ని పనులను మార్చుకుంటే రెండు లాభాలున్నాయి: ఎవరికి ఏది బరువో ఇద్దరికీ అనుభవంలోకి వస్తుంది, ఒకరు జబ్బు పడితే ఇల్లు ఆగిపోదు.

ఒంటరిగా పిల్లలను పెంచుతున్న తల్లికి ఈ సలహా వినడానికి కూడా విసుగ్గా ఉంటుందని తెలుసు. పంచుకోవడానికి రెండవ మనిషి లేనప్పుడు పనుల సంఖ్యనే తగ్గించాలి. జాబితాలో మానేస్తే ఎవరికీ నష్టం లేని పనులను ముందు కొట్టివేయండి. డబ్బుతో చేయించుకోగలిగినవి ఏవో, బంధువులకో స్నేహితులకో పూర్తిగా అప్పగించగలిగినవి ఏవో ఆ తరువాత చూడండి. ‘ఎప్పుడైనా కావాలంటే అడుగు’ అన్నవారికి వారంలో ఒక రోజు, ఒక గంట, ఒక పని నిర్దిష్టంగా చెబితే చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు.

ప్రసూతి సెలవు ముగిసి తిరిగి వెళ్లేటప్పుడు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో ఆమోదించిన ప్రసూతి రక్షణ ఒప్పందం కనీసం 14 వారాల సెలవును, తిరిగి వచ్చాక అదే ఉద్యోగాన్ని లేదా అదే జీతం గల సమానమైన ఉద్యోగాన్ని పొందే హక్కును, పాలిచ్చే తల్లికి పని సమయంలోనే జీతంతో కూడిన విరామాలను లేదా తగ్గించిన పని గంటలను నిర్దేశిస్తోంది. అది దాన్ని ధృవీకరించిన దేశాలకే వర్తిస్తుంది కనుక మీ దేశపు చట్టాన్ని, మీ నియామక పత్రాన్ని సెలవుపై వెళ్లక ముందే చదివిపెట్టుకోండి. బిడ్డ పుట్టాక అంత చిన్న అక్షరాలను చదివే ఓపిక ఉండదు.

తల్లి దూరంగా ఉన్నప్పుడు కూడా తల్లిపాలు ఇవ్వాలనుకుంటే, పిండిన పాలను 25 డిగ్రీల సెల్సియస్ మించని గది ఉష్ణోగ్రతలో 4 గంటల వరకు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు ఉంచవచ్చు. గడ్డకట్టించి నిల్వ చేస్తే 6 నెలల లోపు వాడడం ఉత్తమం. కరిగించిన పాలను మళ్లీ గడ్డకట్టించకూడదు, మైక్రోవేవ్‌లో వేడి చేయకూడదు. ప్రతి సీసాపై తేదీ రాయండి. ఆఫీసులో పాలు పిండుకోవడానికి తలుపు గడియ పడే గది ఉందో లేదో చేరడానికి నెల ముందే అడగండి, ఎందుకంటే మొదటి రోజు మరుగుదొడ్డి చూపించి సరిపెట్టుకోమనేవాళ్లు ఇంకా ఉన్నారు.

వీలైతే సోమవారం కాకుండా వారం మధ్యలో చేరండి. రెండు మూడు రోజులకే సెలవు రోజులు వస్తాయి, ఏ ఏర్పాటు నిలబడిందో ఏది కూలిందో చూసుకోవచ్చు. బిడ్డను డే కేర్‌లో గానీ మరొకరి దగ్గర గానీ ఉంచేటట్లయితే రెండు వారాల ముందు నుంచే కొద్దిసేపటితో అలవాటు చేయాలి. 10 నుంచి 18 నెలల వయసు మధ్య తల్లి కనుమరుగైతే పిల్లలు బెంగపడడం ఎక్కువగా ఉంటుంది. ఏడుస్తుందని దొంగచాటుగా వెళ్లిపోవద్దు. ‘వెళ్లొస్తాను’ అని నవ్వుతూ ఒక్కసారి చెప్పి బయలుదేరండి, గుమ్మం దగ్గర నిలబడి మళ్లీ వెనక్కి రాకండి.

ఆఫీసులో అడగవలసిన పద్ధతి

2023లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న క్లాడియా గోల్డిన్ పరిశోధన ప్రకారం, సంపన్న దేశాల్లో స్త్రీ పురుషుల ఆదాయాల మధ్య ఇప్పుడున్న తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టడంతో తలెత్తుతోంది. ఏ వేళ పిలిచినా పలకగలిగిన వారికి ఎక్కువ జీతమిచ్చే ఉద్యోగాల్లో, ఇంట్లో పిలిస్తే పలకవలసిన మనిషి వెనుకబడిపోతుంది. కాబట్టి పని వేళల్లో మార్పు అడిగేటప్పుడు దాన్ని మీ బలహీనతగా కాక పని ఏర్పాటుగా మాట్లాడండి. ‘పాప వల్ల కుదరడం లేదండీ’ అనే బదులు, ఏ గంటల్లో అందుబాటులో ఉంటారో, ఏ పని ఏ తేదీకి పూర్తవుతుందో, అత్యవసరమైతే ఎలా సంప్రదించాలో కాగితం మీద రాసి, మూడు నెలలు పరీక్షించి చూద్దామని అడగండి. గడువు పెట్టిన ప్రయోగానికి ఒప్పుకోవడం పై అధికారికి తేలిక. ఒప్పుకున్నది నోటిమాటగా వదిలేయకుండా ఈమెయిల్‌లో పంపి ఉంచుకోండి.

భర్త కూడా తన ఆఫీసులో ఇదే అడగాలి. కుటుంబ బాధ్యతలున్న కార్మికుల గురించి 1981లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం స్త్రీ పురుషులిద్దరికీ వర్తించేలా రాసినదే. బిడ్డకు జ్వరం వచ్చిన రోజు ఎవరు ఆగాలన్నది ఆ ఉదయం తేల్చుకునే విషయం కాదు. ఒకసారి ఒకరు, తరువాతిసారి మరొకరు అని ముందే అనుకోవాలి. ఇద్దరికీ కుదరని రోజుకు మూడవ మనిషి పేరు కూడా రాసిపెట్టుకోవాలి.

డబ్బు లెక్కలో జరిగే ఒక పొరపాటు చాలామంది చేత ఉద్యోగం మాన్పిస్తుంది. డే కేర్ ఖర్చును తల్లి జీతంలోంచి మాత్రమే తీసివేసి, ‘మిగిలేదేమీ లేదు కదా’ అంటారు. బిడ్డ ఇద్దరికీ పుట్టినప్పుడు ఆ ఖర్చును ఇద్దరి జీతాల మొత్తంలోంచి తీయాలి. ఉద్యోగంలో కొనసాగితే పెరిగే జీతం, అనుభవం, పదవీ విరమణ పొదుపు కూడా లెక్కలోకి రావాలి. ఇవన్నీ చూశాక కూడా కొన్నాళ్లు ఇంట్లో ఉండాలనిపిస్తే అది మంచి నిర్ణయమే, లెక్క మాత్రం సరిగ్గా వేసి తీసుకోవాలి.

ఇంటికి చేరాక, నిద్ర వేళ దాకా

ఇంట్లో అడుగుపెట్టిన మొదటి ఇరవై నిమిషాలు ఫోన్ దూరంగా పెట్టి పిల్లల దగ్గర కూర్చోండి; ఆ కాసేపు దక్కిన పిల్లలు తరువాత మిమ్మల్ని పని చేసుకోనిస్తారు. పడుకునే వేళ మాత్రం జారనివ్వకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 1–2 ఏళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11–14 గంటలు, 3–4 ఏళ్ల పిల్లలకు 10–13 గంటల నిద్ర అవసరం. మీకు కూడా 7 గంటలు కావాలి. ఆ గంటలను పనికి అప్పు ఇవ్వడం మొదలుపెడితే తిరిగి రావు.

ప్రసవం తరువాత రెండు వారాలు దాటినా ఏడుపు, నిరాశ, బిడ్డ మీద ఆసక్తి లేకపోవడం, నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోవడం కొనసాగుతుంటే అది అలసట అనుకొని ఊరుకోవద్దు. ప్రసవించిన స్త్రీలలో సుమారు 13 శాతం మందికి మానసిక అనారోగ్యం, ముఖ్యంగా కుంగుబాటు, కలుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనికి చికిత్స ఉంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గానీ బిడ్డకు హాని చేస్తానేమోనన్న భయం గానీ వస్తే ఆ రోజే వైద్య సాయం తీసుకోవాలి.

మొదటి వారం రాసిన జాబితాను పారేయకండి. నెలకొకసారి, క్యాలెండరులో ముందే గుర్తు పెట్టుకున్న రోజున, ఇద్దరూ అరగంట కూర్చొని దాన్ని చదవండి. బిడ్డ పెరిగేకొద్దీ కొన్ని పనులు వాటంతటవే రాలిపోతాయి, బడి మొదలవగానే కొత్తవి వచ్చి చేరతాయి. కొత్తగా చేరిన ప్రతి పని పక్కనా ఆ అరగంట ముగిసేలోపే ఎవరిదో ఒకరి పేరు రాయండి, ఎందుకంటే పేరు లేకుండా మిగిలిన పని ఎవరి ఖాతాలో పడుతుందో మీకు ఇప్పటికే తెలుసు.