నానోఓమ్‌లలో కొలిచే అతుకు: నియోబియం-టైటానియం కేబుళ్లను సోల్డర్ చేసే పద్ధతి

నియోబియం-టైటానియం ఒక సూపర్‌కండక్టర్: బాగా చల్లబరిస్తే దాని కేబుల్‌లో రెసిస్టెన్స్ సున్నా. రెండు కేబుళ్లు కలిసే అతుకులో మాత్రం కాదు, అక్కడ కరెంటు తీగల పైనున్న రాగినీ సోల్డర్‌నీ దాటాలి. 2008 సెప్టెంబర్ 19న సెర్న్ పరిశోధన కేంద్రంలోని ఎల్‌హెచ్‌సీ అనే భారీ కణ త్వరణ యంత్రంలో చెడిపోయిన అతుకు రెసిస్టెన్స్ దాదాపు 220 నానోఓమ్‌లని (నానోఓమ్ అంటే ఓమ్‌లో వంద కోట్లో వంతు) తర్వాత అంచనా వేశారు. కరెంటు 8,700 ఆంపియర్లు. అంటే ఆ ఒక్క చోటే 16 వాట్లకు పైగా వేడి. అంత వేడికి అతుకు తెగి, విద్యుత్ ఆర్క్ పుట్టి, కేబుళ్లను చల్లబరిచే హీలియం ఆవరణకు చిల్లు పడింది. టన్నుల కొద్దీ హీలియం సొరంగంలోకి పోయింది. మంచి అతుకులో ఉండేది 0.3 నానోఓమ్.

ఎల్‌హెచ్‌సీ బస్‌బార్ (మాగ్నెట్లకు కరెంటు మోసే రాగి కడ్డీ) లోపలి కేబుల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. వెడల్పు 15.1 మి.మీ., 36 తీగలు. ఒక్కో తీగ 100 మి.మీ.కు ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే కేబుళ్లను ఒకదానిమీద ఒకటి 120 మి.మీ. మేర ఆనించాలి. అప్పుడే ప్రతి తీగా ఎదుటి కేబుల్‌ను తాకే ముఖం మీదికి వస్తుంది. పొడవు తగ్గిస్తే కొన్ని తీగల కరెంటు పక్క తీగల్లోంచి దారి వెతుక్కోవాలి, రెసిస్టెన్స్ పెరుగుతుంది.

ఇన్సులేషన్ టేప్ తీశాక దాని జిగురు మిగలకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ తర్వాత గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. వేలి జిడ్డు పడ్డ చోట సోల్డర్ పట్టదు. సోల్డర్ బాగా పట్టడానికి పూసే ఫ్లక్స్‌లో రోజిన్ రకం వాడండి. యాసిడ్ ఫ్లక్స్ ససేమిరా వద్దు. తీగల మధ్యకు దిగితే కడగడం కుదరదు, ఏళ్ల తరబడి రాగిని తింటూనే ఉంటుంది.

సోల్డర్ 96 శాతం టిన్, 4 శాతం వెండి. కేబుళ్ల మధ్య 0.1 మి.మీ. సోల్డర్ రేకు ఒకటి, పైనా కిందా ఇంకొకటి చొప్పున పెట్టి, రాగి కాలువలో కూర్చోబెట్టి రాగి మూత వేయండి. స్ప్రింగ్ ఉన్న క్లాంప్‌తో బిగించండి. సోల్డర్ కరగగానే రేకు పలచబడుతుంది, ఆ మేరకు క్లాంప్ కూడా దిగాలి. మామూలు బోల్టు బిగింపు దిగదు, లోపల ఖాళీ ఉండిపోతుంది.

వేడి కొలిచే థర్మోకపుల్ ఒకటి మధ్యలో, ఒకటి చివర. 221 డిగ్రీల దగ్గర సోల్డర్ కరగడం మొదలవుతుంది. చివరి థర్మోకపుల్ కూడా 240 దాటాక ఒకటి రెండు నిమిషాలు ఉంచితే చాలు. 280 దాటనివ్వకండి. వేడి మరీ ఎక్కువై, ఎక్కువసేపు ఉంటే నియోబియం-టైటానియం మోయగల కరెంటే తగ్గుతుంది. అంతకంటే తరచుగా జరిగే తప్పు ఇంకోటుంది: కరిగిన సోల్డర్‌ను తీగలు వత్తిలా పీల్చుకుని అతుకు బయటికి లాగేస్తాయి. కేబుల్, రాగి మధ్య ఖాళీ మిగులుతుంది. చల్లగా ఉన్నంతసేపూ అది బయటపడదు. క్వెంచ్ అయినప్పుడు, అంటే కేబుల్ వేడెక్కి సూపర్‌కండక్టర్ గుణం పోయినప్పుడు, కరెంటు మళ్లడానికి అక్కడ రాగి దారి ఉండదు, కేబుల్ కాలిపోతుంది. ఈ భయంతోనే 2013-14 షట్‌డౌన్‌లో ఎల్‌హెచ్‌సీ అతుకుల మీద దాదాపు 27,000 రాగి షంట్లు (కరెంటుకు అదనపు దారినిచ్చే ముక్కలు) సోల్డర్ చేశారు. సోల్డర్ ఇలా బయటికి పోకుండా ఆపాలంటే అతుకుకు రెండు పక్కలా కేబుల్‌ను రాగి దిమ్మెలతో పట్టి చల్లగా ఉంచండి.

200 డిగ్రీల కిందికి దిగేదాకా క్లాంప్ కదపొద్దు. గట్టిపడేటప్పుడు కదిలితే సోల్డర్ గరుకుగా, పగుళ్లతో మిగులుతుంది. చల్లారాక రెండు అంచుల్లో సోల్డర్ గీత తెగకుండా మెరుస్తూ కనబడాలి. గది ఉష్ణోగ్రతలో అతుకు రాగి మీద వోల్టేజ్ కొలిచి, అంతే పొడవున్న అతుకులేని బస్‌బార్‌తో పోల్చండి. తేడా గట్టిగా ఉంటే లోపల ఖాళీ ఉన్నట్టే.

అసలు పరీక్ష 4.2 కెల్విన్‌లో, లిక్విడ్ హీలియంలో. వోల్టేజ్ ట్యాప్‌లను (వోల్టేజ్ కొలిచే సన్న తీగలను) అతుకు అంచులకు అవతల, కేబుల్ మీదే పెట్టండి. ఆ ట్యాప్ తీగలను మెలిపెట్టి పైకి తీసుకురండి. 0.3 నానోఓమ్‌కు 1,000 ఆంపియర్ల దగ్గర వచ్చేది 0.3 మైక్రోవోల్ట్ మాత్రమే, థర్మల్ వోల్టేజ్ (ఉష్ణోగ్రత తేడా వల్ల తీగల్లో పుట్టేది) దాన్ని మింగేయగలదు. కాబట్టి ఒక్క రీడింగ్‌ను నమ్మొద్దు. 1,000, 2,000, 3,000 దగ్గర ఆగి, ప్రతిచోటా నిమిషం పాటు స్థిరపడనిచ్చి, నానోవోల్ట్‌మీటర్‌తో చదివి, కరెంటుకు ఎదురుగా వోల్టేజ్ గ్రాఫ్ గీసి వాలు తీయండి. ఆ వాలే రెసిస్టెన్స్.

టిన్-లెడ్ సోల్డర్ వాడినవాళ్లు ఇక్కడ మోసపోతారు. అయస్కాంత క్షేత్రం లేనప్పుడు 4.2 కెల్విన్‌లో అది తానే సూపర్‌కండక్టర్, రీడింగ్ అద్భుతంగా వస్తుంది. మాగ్నెట్ క్షేత్రంలో పెట్టగానే మామూలు లోహమైపోతుంది. అసలు వాడే క్షేత్రంలోనే కొలవండి.

గ్రాఫ్ గీత వంకర లేకుండా తిన్నగా ఉండి వాలు ఎక్కువైతే తప్పు సోల్డర్‌ది. ఎక్కువ కరెంటు దగ్గర గీత పైకి వంగితే తీగలే దెబ్బతిన్నాయి. రెంటిలో ఏదైనా మళ్లీ వేడిచేసి సరిచేయాలని చూడకండి, మాడిన ఫ్లక్స్ లోపలే ఉంటుంది. కోసి, కొత్త చివరలతో మొదటినుంచి చేయండి.