బాలి పల్లెలో కాపురం పెట్టాలంటే: ఇల్లు, స్థలం, రాకపోకలు

"బాలిలో స్థలం కొంటున్నాం" అని ఎవరైనా అంటే ముందు అడగాల్సింది ధర కాదు, ఏ హక్కు కొంటున్నారని. ఇండొనేషియాలో 1960 నాటి 5వ నంబరు భూచట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే మన లెక్కలో పూర్తి యాజమాన్యం, ఆ దేశ పౌరులకే దక్కుతుంది. స్థానికుడి పేరు మీద కొని, లోపాయికారీగా మీది అనిపించే కాగితం రాయించుకుంటే 26వ సెక్షన్ కింద ఆ ఒప్పందం చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు అడిగే దారి కూడా ఉండదు. మన దగ్గర బినామీ ఎంత ప్రమాదమో, అక్కడ అంతకు రెండింతలు.

కాబట్టి పద్ధతి ఇది. ముందు ఊరికి వెళ్లి ఏడాది అద్దెకు ఉండండి. ఊరు నచ్చి, ఊరికి మీరూ నచ్చాక లీజు మాట ఎత్తండి. ఇక్కడ తూర్పు బాలిలోని కరంగాసెమ్ జిల్లా సిడెమెన్ లోయను ఉదాహరణగా తీసుకుందాం. అగుంగ్ అగ్నిపర్వతానికి దక్షిణాన, ఉందా నది పక్కన మెట్ల పొలాలు, సోంగ్‌కెట్ అనే జరీ బట్ట నేసే మగ్గాలు ఉన్న చోటది. విమానాశ్రయం నుంచి కారులో సుమారు రెండు గంటలు.

వీసా, చేరుకోవడం

బెంగళూరు నుంచి బాలి రాజధాని డెన్‌పసార్‌కు ఇండిగో నేరుగా వెళ్తుంది. హైదరాబాద్ వాళ్లకు సింగపూర్ లేదా కౌలాలంపూర్ మీదుగా దారి. భారతీయులకు వీసా ఆన్ అరైవల్ దొరుకుతుంది: 5 లక్షల రూపియా (మన రూపాయి కాదు, ఇండొనేషియా కరెన్సీ), 30 రోజులు, ఒక్కసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. ఇంకా ఎక్కువ ఉండాలంటే 60 రోజుల సీ1 వీసా తీసుకుని, పొడిగింపులతో 180 రోజుల దాకా లాగవచ్చు. విదేశీ కంపెనీకి ఇంటి నుంచి పనిచేసేవారికి ఏడాది వీసా ఉంది కానీ సంవత్సరాదాయం 60,000 డాలర్లు చూపించాలి. గడువు దాటితే రోజుకు 10 లక్షల రూపియా జరిమానా, 60 రోజులు దాటితే దేశం నుంచి పంపించేస్తారు. బాలి పర్యాటక రుసుము 1,50,000 రూపియా వేరు, 2024 ఫిబ్రవరి 14 నుంచి వసూలు చేస్తున్నారు.

చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది. కరంగాసెమ్ జిల్లా సింగరాజా ఇమిగ్రేషన్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది, డెన్‌పసార్ కాదు. సింగరాజా ద్వీపానికి ఉత్తర తీరంలో ఉంది. పొడిగింపు కోసం అక్కడికి వెళ్లాలంటే ఒక పూట సరిపోదు, రోజంతా చేతిలో పెట్టుకోండి.

పల్లెలో ఇళ్ల గేట్ల దగ్గర, వీధి మొదట్లో ఒక బోర్డు కనిపిస్తుంది: అతిథులు 24 గంటల్లో రిపోర్టు చేయాలని. అది అలంకారం కాదు. ఇంటి యజమాని మీ పాస్‌పోర్టు నకలు తీసుకుని ఊరి పెద్దకు, ఇమిగ్రేషన్ యాప్‌లోనూ తెలియజేయాలి. చేశాడా లేదా అని మీరే అడగండి. ఊరి పెద్ద ఇద్దరు: ప్రభుత్వ వ్యవహారాలకు కెపాల దెస (మన కపాలం, దేశమే), ఆచార వ్యవహారాలకు బంజార్, అంటే వాడ సంఘం, పెద్ద. ఒకరిని కలిసి రెండోవారిని వదిలేస్తే పని సగంలో ఆగుతుంది.

ఇంట్లో దిగాక

అద్దె సాధారణంగా ఏడాదిది ముందే కట్టాలి, మన లాగా నెలనెలా కాదు. డబ్బు ఇచ్చేముందు కరెంటు మీటరు చూడండి. చాలా ఇళ్లలో ప్రీపెయిడ్ మీటరే ఉంటుంది: తలుపు పక్కన చిన్న పెట్టె, దాని మీద అంకెల బటన్లు. ఫోన్‌లోనో దుకాణంలోనో డబ్బు కడితే 20 అంకెల టోకెన్ వస్తుంది, దాన్ని నొక్కి ఎంటర్ కొట్టాలి. బ్యాలెన్సు అడుగంటితే ఆ పెట్టె అర్ధరాత్రి కూడా బీప్‌మని గోల చేస్తుంది. సబ్సిడీ లేని 1300 వీఏ (వోల్ట్ ఆంపియర్, అంటే ఒకేసారి వాడగల కరెంటు కొలత) కనెక్షన్‌కు యూనిట్ 1,444.70 రూపియా. లక్ష రూపియా టోకెన్‌కు పన్నులు పోను 60కి కాస్త పైగా యూనిట్లు పడతాయి.

అసలు సమస్య సామర్థ్యంతో వస్తుంది. పల్లె ఇళ్లలో 900 లేదా 1300 వీఏ ఎక్కువ. ఏసీ నడుస్తుండగా రైస్ కుక్కర్ పెట్టి, పైన మిక్సీ తిప్పారంటే మెయిన్ పడిపోతుంది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ అయితే అసలు మొదలే కాదు. 2200 వీఏ కావాలని ముందే అడగండి. వోల్టేజి దాదాపు మనదే, 220. ప్లగ్గు మాత్రం వేరు: రెండు పిన్నుల ఫోన్ చార్జర్ పడుతుంది, మూడు పిన్నుల మిక్సీ ప్లగ్గు పట్టదు. అడాప్టర్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

గ్యాస్‌లో 3 కిలోల పచ్చ సిలిండరు పేదలకిచ్చే సబ్సిడీది, దాని జోలికి వెళ్లకండి. గులాబీ రంగు 5.5 లేదా 12 కిలోలది తెచ్చుకోండి. తాగడానికి కుళాయి నీళ్లు పనికిరావు. 19 లీటర్ల క్యాన్ దుకాణంలో మార్పిడి చేసుకుంటారు.

శాకాహారులకు అన్నం, తెంపె (పులియబెట్టిన సోయా), తాహు (టోఫు), కూరగాయలకు కొదవ లేదు. ప్రమాదం సంబల్‌లో ఉంది: ఎర్రగా మన పచ్చడిలాగే కనిపించే దానిలో తెరాసి, అంటే రొయ్యల ముద్ద, కలుస్తుంది. "తన్పా తెరాసి, తన్పా ఇకాన్" (తెరాసి లేకుండా, చేప లేకుండా) అని ప్రతిసారీ చెప్పాలి. ఒట్టి "వెజిటేరియన్" అంటే మాంసం ముక్క తీసేసి ఇస్తారు. కందిపప్పు, ఇంగువ వెతుక్కోవాలి కానీ చింతపండుకు ఆ శ్రమ లేదు, అది ఏ సంతలోనైనా దొరుకుతుంది.

లీజు: ఎక్కడ తప్పుతుంది

అక్కడ భూమిని ఆరెల్లో కొలుస్తారు. ఒక ఆరె 100 చదరపు మీటర్లు, అంటే దాదాపు 120 గజాలు, మన సెంట్లలో రెండున్నరకు కొంచెం తక్కువ. ధర "ఆరెకు ఏడాదికి ఇన్ని జుత" అని చెబుతారు. జుత అంటే పది లక్షలు, మిల్యార్ అంటే వంద కోట్లు. లెక్క పట్టుకోవడానికి ఒక ఊహా ధర వేసుకుందాం: ఆరెకు 5 జుత, 4 ఆరెలు, 25 ఏళ్లు అంటే 500 జుత, అంటే 50 కోట్ల రూపియా. ఇది చాలాసార్లు ఒకేసారి అడుగుతారు. "నెట్" అన్న మాట వినబడితే ఆగండి: అద్దె మీద 10 శాతం పన్ను మీరే భరించాలని దాని అర్థం.

యజమాని హక్ మిలిక్ పట్టాను నోటారిస్ (అక్కడి నోటరీ) ద్వారా భూమి కార్యాలయంలో తనిఖీ చేయించండి. పట్టా ఒకరి పేరునున్నా భూమి ఉమ్మడి వారసత్వం కావచ్చు, కనుక అన్నదమ్ములందరి సంతకాలూ అవసరం. బాలిలో గుడి భూమి, ఊరి ఆచార భూమి అని వేరే రకాలున్నాయి. వాటిని ఒక కుటుంబం మీకు స్వేచ్ఛగా ఇచ్చేయలేదు. తర్వాత జోనింగ్: పచ్చ జోన్‌లో ఇల్లు కట్టనివ్వరు, అందంగా కనిపించే మెట్ల పొలాల్లో చాలా భాగం అదే. జిల్లా కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, బ్రోకరు మాట కాదు. కట్టడానికి ముందు పీబీజీ అనే నిర్మాణ అనుమతి ఉండాలి, ఎత్తు 15 మీటర్లు దాటకూడదు.

నీళ్ల సంగతి ఇంకా సున్నితం. ఒక పొలం నుంచి మరో పొలానికి నీరు పారే కాలువలను సుబక్ అనే రైతు సంఘం నడుపుతుంది. దాన్ని యునెస్కో 2012లో వారసత్వ జాబితాలో చేర్చింది. మీ ప్రహరీ కోసం జానెడు వెడల్పు కాలువను పక్కకు జరిపినా కింది రైతుల నీరు ఆగుతుంది, ఊరంతా మీ గుమ్మం ముందుంటుంది. దారి కూడా అంతే. కాలువ గట్టు మీద నడిచే బాటను "రోడ్డు" అని చూపిస్తారు. లారీ వెళ్లే దారికి పక్క యజమాని రాతపూర్వక ఒప్పుకోలు లేకపోతే సిమెంటు బస్తాలు తల మీదే మోయించాలి.

ఒప్పందం ఇండొనేషియన్‌లో ఉండాలి, 2009 నాటి 24వ చట్టం అడుగుతుంది. పక్కన ఇంగ్లిషు పెట్టుకోండి. పొడిగింపు ధర "అప్పటి మార్కెట్ రేటు" అని వదిలేయకుండా సూత్రం రాయించండి. యజమాని చనిపోయినా, భూమి అమ్మేసినా లీజు తెగదని సివిల్ కోడ్‌లోని 1575, 1576 చెబుతాయి, అయినా ఒప్పందంలో మళ్లీ రాయించడం మేలు. అద్దెకిచ్చి సంపాదించే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పేస్తున్నాం: చిన్న హోమ్‌స్టే లైసెన్సు స్థానిక పౌరులకే.

మన వైపు లెక్క: విదేశాలకు డబ్బు పంపే రిజర్వు బ్యాంకు పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఏడాదికి 2,50,000 డాలర్లు పంపవచ్చు. ఇలాంటి ఖర్చుకు 10 లక్షల రూపాయలు దాటిన భాగంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. దీర్ఘకాల లీజును రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపించే విషయం మీ ఆడిటరును అడగండి.

తిరగడం, ఊరి లయ

సిడెమెన్‌లో బస్సుల్లేవు, యాప్ టాక్సీ దొరకడం అదృష్టం. స్కూటరే దిక్కు. మన లాగే ఎడమ వైపు నడపాలి, కానీ టూవీలరు లైసెన్సు, అంతర్జాతీయ పర్మిట్ లేకుండా పడితే బీమా చేతులెత్తేస్తుంది. వర్షాకాలం నవంబరు నుంచి మార్చి దాకా, కొండ దారుల్లో చరియలు విరుగుతాయి. స్థలం చూసేది జనవరిలో చూడండి, ఆగస్టులో ప్రతి చోటూ బాగానే కనిపిస్తుంది. 2017లో అగుంగ్ బద్దలైనప్పుడు విమానాశ్రయమే మూతపడింది, కాబట్టి తిరుగు టికెట్టుకు మార్చుకునే వీలుంచుకోండి. లోంబోక్ వెళ్లే ఫెర్రీలు దగ్గర్లోని పదంగ్ బాయి రేవు నుంచి దొరుకుతాయి.

శక సంవత్సరాది న్యెపి కొన్నేళ్లు మన ఉగాది రోజో, దానికి ఒక రోజు అటూ ఇటూనో వస్తుంది, కొన్నేళ్లు దాదాపు నెల ముందే వస్తుంది. ఉదయం 6 నుంచి 24 గంటలు దీపం వెలిగించకూడదు, బయటికి రాకూడదు, విమానాలూ ఆగుతాయి, మొబైల్ డేటా కూడా ఉండదు. ముందు రోజే కూరగాయలు, నీళ్ల క్యాను తెచ్చిపెట్టుకోండి. పులిహోర ఆ ముందు రాత్రే కలిపేసుకుంటే స్టవ్ వెలిగించే పని ఉండదు.

వీధి కుక్కలతో జాగ్రత్త. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. కరిస్తే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆరోగ్య కేంద్రానికి, అంటే పుస్కెస్మస్‌కు, వెళ్లండి. టీకా నిల్వ లేదంటే పక్క జిల్లా క్లుంగ్‌కుంగ్ ఆసుపత్రికి బయల్దేరండి, మర్నాటికి వాయిదా వేయకండి.