బ్రెయిన్‌స్టార్మ్ కార్డు ఎప్పుడు వేయాలి, ఏ రెండు వెనక్కి పెట్టాలి

ఆదివారం మధ్యాహ్నం నారాయణగూడలో మా ఫ్రెండ్ ఇంట్లో నలుగురైదుగురం కూర్చుని మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడతాం. మేం ఆడేది పాపర్. అంటే కామన్ (అన్నిటికంటే తేలిగ్గా దొరికే రకం) ముద్ర ఉన్న కార్డులే ఉండాలి, డెక్‌లో కనీసం 60. ఈ మధ్య మా పిన్ని కొడుకు కూడా ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి వస్తున్నాడు. వాడికి బ్రెయిన్‌స్టార్మ్ ఒక్కటే నేర్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

కార్డు మీద ఉన్నది చాలా చిన్న మాట. ఒక్క బ్లూ మానా (ల్యాండ్ కార్డులు ఇచ్చే శక్తి, కార్డు వేయడానికి అదే ఖర్చు) ఇస్తే డెక్ పైనుంచి మూడు కార్డులు తీసుకుంటారు. తర్వాత చేతిలోంచి రెండు కార్డులు మీకు నచ్చిన వరసలో డెక్ పైన పెడతారు. ఇది ఇన్‌స్టంట్ కాబట్టి అవతలివాళ్ల టర్న్‌లో కూడా వేయొచ్చు. మొదట 1995లో ఐస్ ఏజ్ సెట్‌లో వచ్చింది. వింటేజ్ అనే ఇంకో ఆట పద్ధతిలో 2008 నుంచి డెక్‌కి ఒక్కటే పెట్టుకోనిస్తారు. పాపర్‌లో, లెగసీ అనే మరో పద్ధతిలో నాలుగు పెట్టుకోవచ్చు.

మా తమ్ముడు మొదటి టర్న్‌లోనే, ల్యాండ్ దిగీదిగగానే దీన్ని వేసేసేవాడు. మూడు కార్డులు వస్తాయంటే ఎవరికైనా చెయ్యి ఆగదు. కానీ లెక్క చూడండి. బ్రెయిన్‌స్టార్మ్ ఒకటి పోయింది, మూడు వచ్చాయి, రెండు వెనక్కి వెళ్లాయి. చేతిలో ఎన్ని ఉన్నాయో అన్నే ఉన్నాయి. పైగా వద్దనుకుని పెట్టిన ఆ రెండూ తర్వాతి రెండు టర్న్‌లలో ఒకదాని వెనక ఒకటి మళ్లీ మీ చేతికే వస్తాయి. ఆడేవాళ్లు దీన్ని బ్రెయిన్‌స్టార్మ్ లాక్ అంటారు. రెండు టర్న్‌ల పాటు కొత్త కార్డు ముఖం చూడరు.

ఈ చిక్కు విప్పేది డెక్ కలపడం. రమ్మీలో పనికిరాని ముక్క కొట్టేస్తే మన చెయ్యి తేలికవుతుంది కదా, ఇక్కడ ఆ పని డెక్ కలిపితే జరుగుతుంది. పాపర్‌లో దానికి సులువుగా దొరికేది ఎవాల్వింగ్ వైల్డ్స్ అనే ల్యాండ్. దాన్ని ట్యాప్ చేసి (అంటే వాడినట్టు పక్కకి తిప్పి) త్యాగం చేస్తే, అంటే బల్లమీద నుంచి తీసేస్తే, డెక్‌లోంచి ఒక బేసిక్ ల్యాండ్ వెతికి, ట్యాప్ అయిన స్థితిలో బల్లమీద పెట్టి, డెక్ కలపాలి.

మొన్న మా తమ్ముడి చేతిలో బ్రెయిన్‌స్టార్మ్, కౌంటర్‌స్పెల్, రెండు ఐలాండ్‌లు (బ్లూ మానా ఇచ్చే బేసిక్ ల్యాండ్‌లు) ఉన్నాయి. బల్లమీద నాలుగు ల్యాండ్‌లు, వాటిలో ఒకటి వాడని ఎవాల్వింగ్ వైల్డ్స్. బ్రెయిన్‌స్టార్మ్ వేశాడు. లైట్నింగ్ బోల్ట్, మల్‌డ్రిఫ్టర్, ఇంకో ఐలాండ్ వచ్చాయి. ఒక ఐలాండ్ ఆ టర్న్‌లో దింపడానికి ఉంచుకుని, మిగతా రెండూ డెక్ పైన పెట్టాడు. వెంటనే వైల్డ్స్ వాడి మౌంటెన్ అనే ఇంకో బేసిక్ ల్యాండ్ తెచ్చుకుని డెక్ కలిపాడు. ఆ రెండు ఐలాండ్‌లూ గుంపులో కలిసిపోయాయి. రెండు ల్యాండ్‌లు ఇచ్చి బోల్ట్, మల్‌డ్రిఫ్టర్ తీసుకున్నట్టయింది. ఇంతకంటే మంచి బేరం ఒక్క మానాకి పాపర్‌లో నేను చూడలేదు. వరస మాత్రం తప్పకూడదు. బ్రెయిన్‌స్టార్మ్ పని పూర్తిగా అయ్యాకే వైల్డ్స్ వాడాలి. ముందే వాడేస్తే కలపడానికి ఇంకేమీ మిగలదు.

ఇన్‌స్టంట్ అని చాలామంది అవతలివాళ్ల టర్న్ చివర్లో వేస్తారు. నేనైతే ఎక్కువసార్లు నా టర్న్‌లో, మామూలు కార్డు తీసుకున్నాక, ల్యాండ్ దింపకముందు వేస్తాను. వచ్చిన మూడింటిలో వైల్డ్స్ ఉంటే అప్పటికప్పుడు దింపి, అదే టర్న్‌లో వాడి కలిపేయొచ్చు. అది ట్యాప్ కాకుండానే దిగుతుంది. టర్న్‌కి ఒక్క ల్యాండే దింపొచ్చు కాబట్టి ముందే ఇంకోటి దింపేస్తే ఆ అవకాశం పోయినట్టే.

కలపకూడని సందర్భాలూ ఉన్నాయి. అవతలివాళ్లు డ్యూరెస్ అనే కార్డు వేశారనుకోండి. మీ చెయ్యి చూసి క్రీచర్ (జీవి కార్డు) గానీ ల్యాండ్ గానీ కానిది ఒకటి పడేయిస్తారు. అది అమలయ్యేలోపు బ్రెయిన్‌స్టార్మ్ వేసి, మీకు ప్రాణంలాంటి రెండు కార్డులు డెక్ పైన దాచేయండి. వాళ్లు చూసేసరికి చేతిలో మిగతావే ఉంటాయి. ఇక్కడ పెట్టే వరస ముఖ్యం. చివర పెట్టింది ముందు వస్తుంది కాబట్టి, వచ్చే టర్న్‌లో కావలసింది పైన ఉండాలి. వైల్డ్స్ ఉన్నా ఆ రెండూ తిరిగి చేతికి వచ్చేదాకా ముట్టుకోవద్దు.

డెల్వర్ ఆఫ్ సీక్రెట్స్ అనే క్రీచర్ ఆడేవాళ్లకి ఇంకో ఉపయోగం. మీ అప్‌కీప్‌లో, అంటే టర్న్ మొదట్లో కార్డు తీసుకునేముందు, దానివల్ల మీరు డెక్ పైకార్డు చూస్తారు. ఆ కార్డు ఇన్‌స్టంట్ గానీ సోర్సరీ (మన టర్న్‌లోనే వేసే మంత్రం) గానీ అయి, మీరు చూపిస్తే, 1/1 (దెబ్బ బలం/ఓర్పు) మాంత్రికుడు 3/2తో ఎగిరే పురుగుమనిషి అవుతాడు. పైన ఏముందో అదృష్టానికి వదిలేయకుండా బ్రెయిన్‌స్టార్మ్‌తో బోల్ట్ లాంటి ఇన్‌స్టంట్ పైన పెట్టుకోండి.

చేత్తో చేసే పద్ధతి కూడా చెప్పాలి. నా మొదటి నెలల్లో ఒకసారి మాటల్లో పడి ఒక్క కార్డే వెనక్కి పెట్టాను. ఆట ముగిసేదాకా ఇద్దరం గమనించలేదు, ఆ గెలుపు నాకు ఇప్పటికీ గెలుపులా అనిపించదు. అప్పటినుంచి ముందు చేతిలో ఎన్ని ఉన్నాయో పైకి చెబుతాను. మూడూ ఒక్కొక్కటిగా తీసుకుని చేతిలో కలుపుతాను. వెనక్కి వెళ్లే రెండూ బోర్లా డెక్ పక్కన పెట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు డెక్ మీదికి చేరుస్తాను. ఎండాకాలం ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే వాటి మీద వేలు పెట్టి ఉంచండి, బోర్లా ఉన్నవి తిరగబడితే అవతలివాళ్లకి కనబడిపోతాయి.

ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు డెక్ కలిపి ఏడు కార్డులు తీసుకోండి, వాటిలో ఒకటి బ్రెయిన్‌స్టార్మ్ అనుకోండి. మిగిలిన ఆరూ, కొత్త మూడూ కలిపి తొమ్మిది పరుచుకుని ఏ రెండు వెనక్కి పెట్టాలో తేల్చుకోండి. తర్వాత అదే చెయ్యి, డెక్ కలిపే వీలు లేదనుకుని మళ్లీ తేల్చుకోండి. మా తమ్ముడు రోజూ మెట్రోలో ఫోన్‌లో డెక్ పెట్టుకుని ఇదే చేస్తున్నాడు.